ఆంగ్ల వైఖరిసూచక క్రియావిశేషణాలు – తెలుగు సమానార్థకాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
నిశ్చయం, సంభావ్యత, విధి అనే అర్థాలతో ముడిపడిన ఆంగ్ల క్రియావిశేషణాలకు బోధనలో ఒక్కొక్క తెలుగు పదాన్ని సమానార్థకంగా చూపడం పరిపాటి. ఈ పద్ధతిలోని లోపాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంగ్లంలో ఈ పదాల అర్థం సహాయక క్రియతోను, వ్యతిరేకార్థంతోను కలిసి ఏర్పడుతుంది. తెలుగులో ఆ అర్థభారాన్ని ప్రధానంగా క్రియాంతం మోస్తుంది. అందువల్ల సమానార్థకాన్ని పదంలో కాక వాక్యంలో వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వక్తృవైఖరి, క్రియావిశేషణం, నిశ్చయం, సంభావ్యత, విధి, అనువాదం.

1. ఉపోద్ఘాతం

వాక్యం ఒక విషయాన్ని తెలపడంతో ఆగదు. ఆ విషయాన్ని వక్త ఎంతవరకు నమ్ముతున్నాడో, దానిని ఎంత అవసరమని భావిస్తున్నాడో కూడా తెలుపుతుంది. భాషాశాస్త్రం దీనిని మోడాలిటీ అంటుంది. ఈ వ్యాసంలో దానికి 'వక్తృవైఖరి' అనే మాటను వాడడమైంది. జాన్ లయన్స్ 'సెమాంటిక్స్' (1977), ఎఫ్.ఆర్. పామర్ 'మూడ్ అండ్ మోడాలిటీ' (1986) గ్రంథాలలో జ్ఞానపరమైన వైఖరిని, విధిపరమైన వైఖరిని వేరుచేసి చర్చించారు. విషయం నిజమా కాదా అన్న అంచనా మొదటిది. చేయవలసినదాన్ని, చేయదగినదాన్ని తెలపడం రెండవది.

క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం 'సర్టెన్లీ', 'ప్రాబబ్లీ', 'పర్హాప్స్' వంటివాటిని క్రియకు కాక మొత్తం వాక్యానికి సంబంధించిన విశేషణాలుగా వర్గీకరించింది. లియో హాయ్ 1997లో ఇవి సహాయక క్రియలతో జతకట్టే తీరును ప్రత్యేకంగా పరిశీలించారు. తరగతి గదికి చేరేసరికి ఈ చర్చ తరచు మూడు గళ్ల పట్టికగా కుదించుకుపోతుంది. నిశ్చయానికి 'తప్పకుండా', సంభావ్యతకు 'బహుశా', విధికి 'తప్పనిసరిగా' అన్నవి ఆ పట్టికలోని అర్థాలు. వీటిలో ఏ గడీ సరిగా నిలవదు.

2. నిశ్చయం

'సర్టెన్లీ', 'ష్యూర్లీ' రెండింటికీ 'నిశ్చయంగా' అనే అర్థం చెప్పడం వాడుక. 'హి విల్ సర్టెన్లీ కమ్' అన్నప్పుడు వక్తకు సందేహం లేదు. 'ష్యూర్లీ హి విల్ కమ్' అన్నప్పుడు సాధారణంగా సందేహం పొంచి ఉంటుంది; వక్త ఎదుటివారి సమ్మతిని కోరుతున్నాడు. మొదటిదానికి 'ఆయన తప్పక వస్తాడు' సరిపోతుంది. రెండవదానికి 'ఆయన వస్తాడు కదా!' అనో, 'రాకుండా ఉంటాడా?' అనో చెప్పాలి. అంటే ఆంగ్లంలో క్రియావిశేషణం చేసిన పనిని తెలుగులో 'కదా' అనే అవ్యయమో, ప్రశ్నార్థకమైన 'ఆ'కారమో చేస్తుంది. నిఘంటువులో 'ష్యూర్లీ'కి ఎదురుగా 'కదా' కనిపించకపోవచ్చు. వాక్యంలో మాత్రం అదే దానికి తగిన సమానార్థకం.

3. సంభావ్యత

'ప్రాబబ్లీ' అంటే జరగడానికే మొగ్గు ఎక్కువ. 'పాసిబ్లీ' అంటే జరగడానికి అవకాశం లేకపోలేదు. 'పర్హాప్స్' మొగ్గు తెలపకుండా వదిలేస్తుంది. తెలుగు పట్టిక ఈ మూడింటికీ 'బహుశా' అని చెబుతుంది. సంస్కృతంలో 'బహుశః' అంటే పెక్కుసార్లు, పెక్కువిధాల అని అర్థం. తరచుదనాన్ని తెలిపిన పదం తెలుగులో సంభావ్యతకు మారింది. ఆ సంభావ్యత ఎంత అన్నది మాత్రం అది తెలపదు.

ఈ అస్పష్టత తెలుగుకే పరిమితం కాదు. యుగోస్లావియాపై దాడి జరిగే అవకాశాన్ని గురించిన 1951 నాటి అమెరికా గూఢచార అంచనాలో సంభావ్యతను తెలిపిన ఒక పదబంధాన్ని, దానిని రాసినవారే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారు. ఆ అనుభవంతో షెర్మన్ కెంట్ 1964లో ఇటువంటి మాటలకు శాతాలు సూచించారు: దాదాపు నిశ్చయమంటే సుమారు 93, సంభావ్యమంటే సుమారు 75. మాతృభాషలోనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు అనువాదంలో మరింత అవసరం.

వ్యతిరేకార్థం చేరితే చిక్కు పెరుగుతుంది. 'హి కాంట్ పాసిబ్లీ కమ్' అనే వాక్యాన్ని పట్టిక ప్రకారం 'ఆయన బహుశా రాలేడు' అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. అక్కడ 'పాసిబ్లీ' సందేహాన్ని కాక అసాధ్యతను బలపరుస్తుంది. 'ఆయన ఎంతమాత్రం రాలేడు' అన్నదే సరైన అనువాదం. 'కుడ్ యు పాసిబ్లీ కమ్?' అన్నప్పుడు అదే పదం మర్యాదను తెలుపుతుంది. తెలుగులో 'కాస్త రాగలరా?' అంటాం.

పరిశోధనలో ఈ భేదానికి విలువ ఎక్కువ. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని వాదించడంతో మొదలైన చర్చను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ చర్చను ఆంగ్ల సంగ్రహంలో చెప్పే పరిశోధకుడు 'ప్రాబబ్లీ' అంటే ఆధారాలు ఆ వైపే మొగ్గుతున్నాయని అర్థం. 'పాసిబ్లీ' అంటే ఆ వాదాన్ని తోసిపుచ్చలేమని మాత్రమే అర్థం. తెలుగు మూలంలో 'బహుశా' ఒక్కటే చూసి అనువదిస్తే పరిశోధకుడు చెప్పని నిర్ణయం అతని పేరున చలామణి అవుతుంది. ఇక్కడ పరిష్కారం క్రియాంతంలో ఉంది. 'పూర్వుడై ఉంటాడు' మొగ్గును, 'పూర్వుడై ఉండవచ్చు' అవకాశాన్ని, 'పూర్వుడేమో' శంకను తెలుపుతాయి. తెలుగుకు తరతమభేదం లేకపోలేదు; అది ఉన్నచోట వెతకడం లేదు.

4. విధి

ఆంగ్లంలో విధి ప్రధానంగా 'మస్ట్', 'షుడ్', 'షల్' వంటి సహాయక క్రియలలో ఉంటుంది. క్రియావిశేషణం దానిని బలపరుస్తుందే తప్ప కల్పించదు. తెలుగులోనూ అంతే. 'తప్పక' అన్నది 'తప్పు' ధాతువుకు వ్యతిరేక క్త్వార్థకం. 'తప్పక వస్తాడు' అంటే నిశ్చయం, 'తప్పక రావాలి' అంటే విధి. భేదం కల్పించినది 'తప్పక' కాదు, 'ఆలి' ప్రత్యయం. వాడుకలోకి వచ్చిన 'డెఫినెట్‌గా' కూడా ఇదే దారిలో నడుస్తుంది: 'డెఫినెట్‌గా వస్తాను' వాగ్దానం, 'డెఫినెట్‌గా రావాలి' విధి. కాబట్టి పట్టికలో విధికి వేరే గడీ పెట్టడం రెండు భాషల స్వభావానికీ విరుద్ధం.

ఆ గడీలో తరచు చేర్చే 'నెసెసరిలీ' సంగతి ఇంకా విచిత్రం. అది ఎక్కువగా తార్కికమైన అనివార్యతను, అందులోనూ 'నాట్'తో కలిసి దాని అభావాన్ని తెలుపుతుంది. 'ది రిచ్ ఆర్ నాట్ నెసెసరిలీ హ్యాపీ' అన్న వాక్యానికి 'ధనికులు తప్పనిసరిగా సుఖంగా ఉండరు' అన్న అనువాదం ధనికులెవరికీ సుఖం లేదనే భావాన్ని కలిగిస్తుంది. 'ధనికులు సుఖంగా ఉండాలనేమీ లేదు' అన్నది సరైన తెలుగు. ఇందులో క్రియావిశేషణమే లేదు. అయినా అర్థం పూర్తిగా వచ్చింది. విధిని తెలిపే 'ఆలి' ప్రత్యయమే ఇక్కడ అనివార్యతను తెలపడం, 'లేదు' దానిని తొలగించడం గమనించదగినవి.

5. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఆంగ్ల వైఖరిసూచక క్రియావిశేషణాల అర్థం వాక్యనిర్మాణాన్ని బట్టి మారుతుంది. రెండు, తెలుగులో ఆ అర్థానికి ప్రధాన స్థానం క్రియాంతం, దానికి చేరే అవ్యయం. మూడు, పదపట్టిక ఈ రెండింటినీ మరుగుపరుస్తుంది. బోధనలో ఒక్కొక్క క్రియావిశేషణాన్ని విధివాక్యంలో, వ్యతిరేక వాక్యంలో, ప్రశ్నలో ఉంచి తెలుగు వాక్యంతో పోల్చి చూపడం మేలు. పరిశోధకులు ఆంగ్ల సంగ్రహం రాసేటప్పుడు 'బహుశా'ను కాక దాని తరువాత వచ్చే క్రియను చూసి పదాన్ని ఎంచుకోవాలి. ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే చెప్పడం పరిశోధన ధర్మం. అనువాదంలోనూ ఆ హద్దు చెదరకూడదు.