బాడిసకు అభయమెవరిస్తారు?

గోదావరీ! మన్యపు కొండల నుంచి టేకు దుంగలను తెప్పలుగా కట్టించుకుని మోసుకొచ్చిన తల్లివి గదా. ఆ కొయ్యకు ఊపిరిపోసి ఓడను చేసిన చేతులు ఏ రేవులో జారిపోయాయో నువ్వయినా చెప్పవమ్మా.

కోరంగి అంటే ఇప్పుడు మడ అడవి, దాని మధ్య చెక్క వంతెన, ఆ వంతెన మీద సెల్ఫీలు. ఒకనాడక్కడ ఓడలు పుట్టేవి. తుపానులకు ఒళ్లు హూనమై వచ్చిన పరదేశపు ఓడలూ ఆ ఒడ్డునే మందూ మాకూ చేయించుకుని మళ్లీ తెరచాపలెత్తేవి. 1789లో ఉప్పెన మింగింది, లేచింది. 1839లో మళ్లీ మింగింది. ఇసుక మేటలు రేవు గొంతు నులిమాయి. అయినా ఆ పేరు అప్పటికే బంగాళాఖాతం దాటింది: బర్మాలో పొట్టపోసుకున్న మన తెలుగువాళ్లను అక్కడివారు కోరంగీలనే పిలిచారు. రేవు చితికినా పక్కనున్న తాళ్లరేవులో సుత్తి చప్పుడు మాత్రం ఆగలేదు, మన కాలం దాకా.

అక్కడ నావలు కట్టే మేస్త్రి చేతిలో కాగితముండేది కాదు. నల్లతుమ్మ చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం, అంతే. ఊరంతా పొయ్యిలోకి తప్ప పనికిరాదన్న వంకరకొమ్మలో అతనికి నావ పక్కటెముక కనబడేది. తిన్నని దూలాన్ని వంపుగా కోస్తే కొయ్యలోని నార తెగుతుంది, అల కొట్టినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. చెట్టు తనంతట తాను వంగినచోట నార కూడా వంపు వెంటే నడిచి ఉంటుంది. ఏళ్ల తరబడి గాలికి తలవంచి బతికిన చెట్టే అలకు తలవంచకుండా నిలుస్తుందని, బాడిస పట్టిన ఆ నిరక్షరాస్యుడికి తెలుసు! తర్వాత పలక. తడిపి, కింద సన్నని సెగ పెట్టి, అంగుళం అంగుళమూ బతిమాలుతూ వంచాలి. తొందరపడితే ఫెళ్లుమంటుంది, ఏమరితే మాడుతుంది. ఆపైన సందుసందులో ఉలితో పత్తి కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూసేవారు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, వేట వేళయిందని ఒళ్లు చెప్పేది.

ఇక మసులా పడవ సంగతి. దానికి మేకే లేదు. పలకకూ పలకకూ కొబ్బరితాటితో కుట్టు. కరడు మీద పడితే ఎదిరించక చీరకొంగులా ఒదిగిపోయేది. హార్బరు కట్టని రోజుల్లో మద్రాసులో దిగే దొరల ప్రాణాలు ఆ కుట్టు మీదే ఒడ్డుకు చేరాయి. ఇటీవల అజంతా చిత్రంలోని ఓడను చూసి, పాత పద్ధతిలో కుట్టి, కౌండిన్య అని పేరుపెట్టి, 2025లో నౌకాదళంలో చేర్చుకున్నారు. కట్టింది గోవాలో, కుట్టినవి కేరళ చేతులు. సంతోషమే. కానీ శాతవాహనులు జంట తెరకొయ్యల ఓడను నాణెం మీదే అచ్చువేసుకున్న తీరం మనది; ఆ కబురు విన్నప్పుడు నా సంతోషం గొంతులోనే ఆగిపోయింది.

జాలరిని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఫైబరు పడవ తేలిక, పురుగు తొలవదు, ఏటేటా గుగ్గిలం అడగదు. 2004 సునామీలో పడవలు పోయినవాళ్లకు కొత్తగా వచ్చినవీ ఎక్కువగా అవే. ఆకలి ముందు సొగసు గురించి మాట్లాడటం ఒడ్డున కూర్చున్నవాడి విలాసం. ఒడ్డున కూర్చున్నవాణ్నే కాబట్టి మాట్లాడుతున్నాను: అచ్చులో పోసిన పడవలన్నిటికీ ఒకే ముఖం. కొయ్యనావను దూరాన చూస్తే ఇది ఫలానా మేస్త్రి చేయి అని చెప్పగలిగేవారు.

మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం రాయించాడు. ఓడ పగిలినా సరుకు మీదేనని రాజు రాతి మీద మాటిచ్చాడు. సరుకుకు దొరికిన అభయం, ఆ ఓడను చెక్కిన బాడిసకు ఏనాడైనా దొరికిందా?

దయచేసి మ్యూజియం కట్టిస్తామనకండి. నీళ్లు తగలని నావ ఎండి, పలకలు ముడుచుకుని, సందులు నోళ్లు తెరుస్తాయి. నీటిలో నానితేనే కొయ్య ఉబ్బి ఆ నోళ్లు మూసుకుంటాయి. తాళ్లరేవులో ఒక నావకు బయానా ఇవ్వండి. మేస్త్రి పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి, వాళ్లకు ఫైబరు షెడ్డులో గిట్టే కూలికి తగ్గకుండా ఇవ్వండి. నల్లతుమ్మ కొట్టే ముందు మాత్రం ఆయన్ని ఒకసారి చెట్టు చుట్టూ తిరగనివ్వండి.