విజిల్ ఎవరికి, కుర్చీ ఎవరికి?

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు అమెరికన్ ఫుట్‌బాల్ అంపైరింగ్ నేర్చుకుంటున్నాడు. ఈ వారం ఫోన్ చేసి, ‘‘మామా, ఏ చోటు అడగమంటావు?’’ అన్నాడు. అక్కడ పెద్ద లీగ్ మ్యాచ్‌కి ఏడుగురు అధికారులట, తెల్లటోపీ రెఫరీదట. నాకు తెలిసింది కబడ్డీ ఒక్కటే. అయినా అడిగాడు కదా, పొంగిపోయాను.

నా పాత పాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మదనపల్లెలోనైనా పుంగనూరులోనైనా సంక్రాంతి పోటీలకు వచ్చే ప్రతి కొత్త కుర్రాడికీ మొదటిరోజే విజిల్ కావాలి. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున్న కోర్టుకి రెఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరర్ పోగా ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లుంటారు. ఈ అసిస్టెంట్లు చెరో ఎండ్‌లైన్ దగ్గర కూర్చుని, తమవైపు ఔటైనవాళ్ల వరుస రాసుకుంటారు. ముందు ఆ కుర్చీలో కూర్చో నాయనా, అంటాను. మేనల్లుడికీ అదే చెబుతూ కుప్పం కథ ఎత్తుకున్నాను.

కుప్పం పోటీలంటే కోలారు వైపు నుంచీ కృష్ణగిరి వైపు నుంచీ కూడా జట్లొస్తాయి. తగాదా మూడు భాషల్లో నడుస్తుంది, తిట్లు మాత్రం అందరికీ అర్థమవుతాయి. ఆరోజు నేను అంపైర్‌ని. ఆఖరి నిమిషాలు. ఒక జట్టువాళ్లు నలుగురు ఔటై బయట ఉన్నారు. పాయింటొచ్చింది, ఒకడు లోపలికి రావాలి. ఔటైన వరుసలోనే రావాలి. ముందు ఔటైనవాడు కాళ్లు బరువైన డిఫెండర్. వాణ్ని దాటుకుని మంచి రైడర్ లేచి వచ్చేశాడు. ఎదుటి జట్టు అరిచింది. అసిస్టెంట్ స్కోరర్ కొత్త పిల్లాడు, ఆట చూస్తూ వరుస రాసుకోవడమే మరిచాడు. నాకు గుర్తులేదు, రెండో అంపైర్‌కీ లేదు. జనం కోర్టులోకి దిగారు.

‘‘అయితే ఆ కుర్చీకి తోడెవరు మామా?’’ అన్నాడు వాడు.

నోట మాట రాలేదు. రైడర్ బోనస్ గీత దాటాడా లేదా అన్నది నేను పొరబడితే ఎదుట ఇంకో అంపైరున్నాడు. మాకిద్దరికీ పొసగకపోతే రెఫరీ తేలుస్తాడు. ఆ వరుస రాసే కాగితానికి మాత్రం దిక్కు ఒక్కడే. ఇన్నేళ్లుగా తోడు లేని చోటికే కొత్తవాళ్లను తోస్తూ, అది క్రమశిక్షణ అనుకున్నాను.

వచ్చే సంక్రాంతికి విజిల్ కుర్రాడికే ఇవ్వండి, ఎదురుగా చెయ్యి తిరిగిన అంపైర్‌ని నిలబెట్టండి. ఎండ్‌లైన్ కుర్చీ నాకు కావాలి. పెన్ను నేనే తెచ్చుకుంటాను.