జంటగా పోయే డయోడ్లు

ఇంట్లో కట్టుకున్న వాల్వ్ యాంప్లిఫైయర్ స్విచ్ వేయగానే ఫ్యూజు ఎగిరిపోతే ముందు అనుమానించాల్సింది రెక్టిఫైయర్ డయోడ్లనే. ధర కొద్ది రూపాయలు, మార్చడం పది నిమిషాల పని. అందుకే పాతవి పీకేసి కొత్తవి అంటించి ఊరుకుంటాం. వారం తిరక్కుండా అవీ పోతాయి. నేనూ అలాగే చేశాను. మూడో జత పోయాక కాగితం తీసుకుని లెక్క వేశాను. డయోడు పోవడం వెనక కారణం ఒకటి ఉంటుంది. అది దొరికేదాకా రిపేరు అయినట్టు కాదు.

1954లో ఇంగ్లండులో మల్లార్డ్ కంపెనీ, సొంతంగా కట్టుకునేవాళ్ల కోసం ‘5-10’ అనే సర్క్యూట్ ఇచ్చింది. అయిదు వాల్వులు, పది వాట్లు. ఆ అయిదులో ఒకటి రెక్టిఫైయరే. మన దగ్గరా ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చేసేది. ఇప్పుడు మంచి రెక్టిఫైయర్ వాల్వు కోసం వెతుక్కోవాలి. 1ఎన్4007 డయోడ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో పిడికెళ్లకొద్దీ దొరుకుతాయి. ఈజెడ్81 అనే రెక్టిఫైయర్ వాల్వు తీసేసి ఆ చోట రెండు డయోడ్లు పెట్టడం అలా అలవాటైంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మధ్య తీగకు అటూ ఇటూ 350 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. 350 శిఖరం 495 వోల్టులు. ఒక డయోడు కరెంటు వదులుతున్నప్పుడు ఎదుటి డయోడు మీద దానికి రెట్టింపు, అంటే 990 వోల్టుల ఎదురు వోల్టేజి పడుతుంది. 1ఎన్4007 తట్టుకునేది 1000. మెయిన్స్ 230 నుంచి 250కి పెరిగితే ఆ 990 కాస్తా 1076 అవుతుంది. డయోడు షార్ట్ అవుతుంది. ఒకటి షార్ట్ అయ్యాక రెండోది కరెంటు వదిలే ప్రతిసారీ సెకండరీ మొత్తం ఆ రెంటి గుండా తనలో తానే షార్ట్ అవుతుంది. అందుకే ఇవి జంటగా పోతాయి. ఫ్యూజుకు బదులు లావు తీగ చుట్టినవాళ్ల ఇంట్లో వీటి తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మరే. దయచేసి ఆ పని చేయకండి.

ఆ డయోడ్లు నింపే కెపాసిటర్ గురించీ ఒక మాట చెప్పాలి. ఈజెడ్81 మెల్లగా వేడెక్కుతుంది. అది వోల్టేజి ఇచ్చే వేళకు మిగతా వాల్వులూ కరెంటు లాగుతుంటాయి. సిలికాన్ డయోడు అలా ఆగదు. స్విచ్ వేసిన క్షణమే 450 వోల్టుల కెపాసిటర్ మీద 495 పడుతుంది. పైగా డయోడు షార్ట్ అయినప్పుడు ఏసీ నేరుగా దాంట్లోకి పోయి ఉంటుంది. ఉబ్బినా ఉబ్బకపోయినా దాన్ని మార్చాల్సిందే.

పరీక్షకు ముందు ప్లగ్ పీకి, 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో కెపాసిటర్ ఖాళీ చేసి, మీటరుతో చూసి నమ్మకం కుదిరాకే చేయి పెట్టాలి. ఇది ప్రాణం తీసే వోల్టేజి. తర్వాత డయోడుకు ఒక కాలు ఊడదీసి మీటరు పెట్టండి. ఊడదీయకపోతే షార్ట్ అయినది వైండింగ్ గుండా మంచిదాన్నీ చెడ్డదిగా చూపిస్తుంది. ఒకవైపు 0.5, 0.6 చూపి, తిప్పితే ఏమీ చూపకపోతే బాగున్నట్టే. అయితే మీటరు ఇచ్చేది రెండు మూడు వోల్టులే. 900 వోల్టుల దగ్గర లొంగిపోయే డయోడును అది పట్టుకోలేదు. అనుమానం ఉంటే రెండూ మార్చేయడమే మేలు.

కొత్తవి పెట్టేటప్పుడు ఒక్కో వైపు ఒకే ప్యాకెట్‌లోని రెండేసి డయోడ్లు వరుసగా కలపండి. కెపాసిటర్లు 350 వోల్టులవి రెండు వరుసగా పెట్టి, ఒక్కోదానికీ 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అడ్డంగా కట్టండి. ఇక పాత మెకానిక్కుల సీరీస్ బల్బు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు మెయిన్స్‌కు వరుసలో పెట్టి, వాల్వులు తీసేసి స్విచ్ వేయాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరి. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. డయోడ్లు ఊడదీసినా అలాగే వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానపడాలి. ఇంత చవకైన, ఇంత నిజం చెప్పే పరికరం నా బల్ల మీద మరొకటి లేదు.

బల్బు మసకబారాక ప్లగ్ పీకి వాల్వులు పెడతాను. మళ్లీ బల్బు మీదే ఒకసారి చూసి, తర్వాత నేరుగా మెయిన్స్‌కు కలుపుతాను. వేడెక్కాక హెచ్‌టీ, అంటే కెపాసిటర్ల మీది వోల్టేజి, కొలుస్తాను. మూత బిగించే ముందు ఆ అంకె, ఆ రోజు మెయిన్స్ వోల్టేజి, తేదీ ఛాసిస్ లోపలి గోడ మీద పెన్సిలుతో రాసి పెడతాను.