పులి తక్కువ, దుంప ఎక్కువ

నల్లమల మీద మంచి ప్రకృతి పుస్తకం చెప్పమంటే నేను చెప్పేది ఒక మానవశాస్త్ర గ్రంథం: హైమన్‌డార్ఫ్ రాసిన ‘ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది దక్కన్’. 1943లో లండన్‌లో మాక్మిలన్ వాళ్లు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో ఈ వియన్నా మనిషి హైదరాబాద్ సంస్థానం దాటి పోలేకపోయాడు. 1940లో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి ఎక్కి చెంచుల మధ్య గడిపాడు. బంధుత్వాల గురించిన పేజీలు నేను చాలావరకు దాటేశాను. తిండి దగ్గర మాత్రం ఆగిపోయాను.

అమ్రాబాద్ అంటే ఇప్పుడు మనకి పులే. 2,611 చదరపు కిలోమీటర్ల టైగర్ రిజర్వ్, మన్ననూరు చెక్‌పోస్టు, ఫర్హాబాద్ సఫారీ, ఫోన్లో మసగ్గా ఒక దుప్పి. హైమన్‌డార్ఫ్ పుస్తకంలో పులి కంటే దుంప పెద్దది. తవ్వుకోల పట్టుకున్న ఆడవాళ్లు, ఇప్పపువ్వు, కొండకొమ్ము నుంచి తాడు మీద దిగి తీసే తేనె. ఇది ఎండు అడవి కదా. వేసవికల్లా ఆకు రాలిపోతుంది, వాగుల్లో రాళ్లు మిగుల్తాయి. కృష్ణ ఎక్కడో లోయ అడుగున పారుతుంటుంది, పైన ఉన్నవాడికి అందదు. ఇలాంటి చోట ఏ చెలమ ఎప్పటిదాకా ఊరుతుందో, తునికి ఎప్పుడు పండుతుందో తెలియడమే అడవి తెలియడం. ఎలుగుబంటి కూడా ఇదే క్యాలెండర్ ప్రకారం బతుకుతుంది: ఇప్పపువ్వు, తునికిపండు, తేనె. మెనూ దాదాపు ఒకటే! (మన ఊళ్లలో పెంట అంటే చెత్తకుప్ప. చెంచులకి పెంట అంటే ఊరు. ఎవరి నిఘంటువు వాళ్లది.)

నా పేచీ ‘జంగిల్ ఫోక్’ అనే మాటతోనే. ఆయన చెంచుల్ని ఎంత ఇష్టంగా చూసినా, పాతకాలం నుంచి మిగిలిపోయిన మనుషుల్లానే చూశాడు. వేట దొరికితే గారెల మైసమ్మకి ముక్క పెడతారని, ఆడజంతువుని చంపితే ఆమెకి కోపమని ఒకప్పుడు మగవాటినే వేటాడేవాళ్లని చెంచులు ఆయనకి చెప్పారు. ఆయన దాన్ని దేవత కథగా రాసుకున్నాడు. నేనైతే వన్యప్రాణి సంరక్షణ కింద రాసేవాణ్ణి. మందని కాపాడే నియమం అంతకంటే సూటిగా ఏముంటుంది? మనం దాన్ని ఇంగ్లిష్ రిపోర్టులో చూస్తేనే సైన్స్ అంటాం.

2019లో యురేనియం గొడవప్పుడు మనమంతా ‘సేవ్ నల్లమల’ అని పోస్టులు పెట్టాం. నా టైమ్‌లైన్లో తిరిగిన బొమ్మల్లో ఎక్కువ పులులే. ఆ సెప్టెంబర్లో శాసనసభ తీర్మానం చేసింది, మనం వేరే విషయానికి వెళ్లిపోయాం. కానీ పులుల కోసం కోర్ ఏరియాలోని పెంటల్ని బయటికి పంపాలన్న ప్రతిపాదన మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. పరిహారం లెక్కల్లో ఇల్లుంటుంది, భూమి ఉంటుంది, డబ్బుంటుంది. ఏ చెలమ ఎప్పటిదాకా ఊరుతుందో తెలిసిన తెలివికి అందులో కాలమ్ లేదు.