ఒకే క్యాంటర్, రెండు బడులు: బోషే, స్టైన్‌బ్రెష్ట్

ట్రాట్‌లో, అంటే దుడుకు నడకలో, హాయిగా సాగుతున్న గుర్రాన్ని రౌతు క్యాంటర్, అంటే గెంతుతూ సాగే నెమ్మది దౌడు, అడుగుతాడు. గుర్రం తల పైకెత్తుతుంది, నడుము కుంగుతుంది. ట్రాట్ అంతకంతకూ జోరెక్కి, ఇక నిలవలేక క్యాంటర్‌లోకి దొర్లిపోతుంది. అదీ ఒక్కోసారి తప్పు లీడ్‌లో, అంటే ముందుండాల్సిన కాలికి బదులు రెండో కాలు ముందు సాగుతూ. గుర్రం చేత క్రమమైన కదలికలు చేయించే డ్రెస్సాజ్ నేర్చుకునేవాళ్ళలో ఈ అవస్థ పడనివాళ్ళు అరుదు. 19వ శతాబ్దపు యూరప్‌లో ఇద్దరు గురువులు గుర్రపు శిక్షణ మీద పెద్ద పుస్తకాలే రాశారు. పారిస్‌లో ఫ్రాన్స్వా బోషే, బెర్లిన్‌లో గుస్టాఫ్ స్టైన్‌బ్రెష్ట్. ఇద్దరూ చూసిన తప్పు ఒకటే, చెప్పిన కారణాలు వేరు. ఆ తేడాను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈనాటి రైడింగ్ స్కూల్లో రోజూ వినిపించే సగం వాదనల మూలం బోధపడుతుంది.

ముందు ఈ మార్పు ఎందుకింత కష్టమో చూడాలి. ట్రాట్‌లో కాళ్ళు ఐమూలగా జతకట్టి రెండు దెబ్బలు కొడతాయి. కుడి లీడ్ క్యాంటర్‌లో అలా కాదు. మొదట నేలకు ఆనేది ఎడమ వెనక కాలు, ఒంటరిగా. తర్వాత కుడి వెనక కాలూ ఎడమ ముందు కాలూ జతగా పడతాయి. చివర కుడి ముందు కాలు. ఆపైన నాలుగు కాళ్ళూ ఒక్క క్షణం గాలిలో ఉంటాయి. అంటే మూడు దెబ్బల లయ. క్యాంటర్ అందుకోవాలంటే గుర్రం తన ఐమూల జతల్లో ఒకదాన్ని విడగొట్టాలి, తన బరువునూ రౌతు బరువునూ కాసేపు ఒక్క వెనక కాలి మీద మోయాలి. ఆ కాలు ఒంటి కిందికి రాకపోతే మోయడం కుదరదు. అప్పుడు గుర్రానికి మిగిలేది పరుగే.

ఇద్దరికీ ముందుతరం పెద్ద ఒకడున్నాడు. ఫ్రాన్స్వా రోబిషోన్ ద ల గెరినియేర్ 1733 నాటి తన ‘అశ్వవిద్యాలయం’లో, ట్రాట్‌లో ఒళ్ళంతా సాగని గుర్రాన్ని క్యాంటర్‌కు పంపొద్దని రాశాడు. భుజం లోపలికి పెట్టి సాగే షోల్డర్-ఇన్‌లో వంపు తిరగాలి, గోడ పక్కన నడుము తిప్పి రౌతు మడమ మాట వినాలి, అప్పుడే గుర్రం చేతి మీద వాలకుండా తనంతట తానే క్యాంటర్‌కు సిద్ధమవుతుందని ఆయన లెక్క. క్యాంటర్ బాగుపడేది క్యాంటర్‌లో కాదు, దాని ముందు పనిలో. ఈ మాటను బోషే, స్టైన్‌బ్రెష్ట్ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ ముందు పని ఏమిటన్న దగ్గరే దారులు చీలతాయి.

బోషే 1796లో వెర్సాయ్‌లో పుట్టాడు. పేరు తెచ్చిపెట్టింది సర్కస్. పార్టిజాన్ అనే ఇంగ్లిష్ థరోబ్రెడ్ మొండిదని పేరుపడింది. బోషే దాన్ని పారిస్ ప్రేక్షకుల ముందు మెత్తని పట్టులా ఆడించాడు. అడుగడుగుకీ లీడ్ మార్చే క్యాంటర్‌ను చేసి చూపినవారిలో చరిత్రకారులు ఆయన పేరే మొదట చెబుతారు. 1842లో ఆయన రాసిన ‘కొత్త సూత్రాల మీద ఆధారపడిన అశ్వారోహణ పద్ధతి’ దుమారం లేపింది. ఎన్నో నెలలు పట్టే శిక్షణను తక్కువ కాలంలో ముగించవచ్చన్నది అందులోని ఆశ. ఫ్రెంచి సైన్యం ఆ పద్ధతిని పరీక్షించి చూసి పక్కన పెట్టేసింది.

స్టైన్‌బ్రెష్ట్ 1808లో పుట్టాడు. పశువైద్యం చదువుకున్నాడు, తర్వాత బెర్లిన్‌లో లూయీ జేగర్ దగ్గర శిష్యుడయ్యాడు. ఆ జేగరే 1852లో బోషే మీద ఒక ఘాటైన ఖండన పుస్తకం వేశాడు. స్టైన్‌బ్రెష్ట్ సొంత గ్రంథం ‘గుర్రపు వ్యాయామశాల’ ఆయన 1885లో పోయాక, శిష్యుడు పాల్ ప్లింజ్నర్ పూర్తిచేస్తే వెలుగు చూసింది. బోషే రాతలో కనిపెట్టినవాడి ధీమా ఉంటుంది. ఇది ఒకటో పాఠం, ఇది రెండో పాఠం అని చకచకా సాగిపోతాడు. స్టైన్‌బ్రెష్ట్ వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. కీళ్ళు, కండరాలు, బరువు ఎటు పోతోందన్నదీ విడవకుండా తవ్వుతాడు. ఒకరు ఫలితం చూపించి ఒప్పించాలనుకుంటే, రెండోవారు కారణం చెప్పి ఒప్పించాలనుకుంటారు.

ఇప్పుడు మూడు సామాన్యమైన తప్పులను ఇద్దరి ముందూ పెడదాం.

మొదటిది, క్యాంటర్ అడిగితే ట్రాట్‌లోనే పరిగెత్తడం. బోషే చూపు గుర్రం నోటి మీదికి పోతుంది. దవడ బిగించి, మెడ బిర్రుగా పెట్టి అది చేతిని ఎదిరిస్తోంది, ఆ బిగువు పోనిదే ఏ కదలికా శుభ్రంగా రాదంటాడు. అందుకే ఆయన పాఠం గుర్రం ఎక్కకముందే మొదలవుతుంది. రౌతు నేల మీద నిలబడి, గుర్రం తల పక్కకు చేరి, పగ్గాలు రెండు చేతులా పట్టుకుని నోటి మీద మెత్తని ఒత్తిడి నిలుపుతాడు. గుర్రం నోరు వదులు చేసి కళ్ళేన్ని చప్పరించగానే ఒత్తిడి తీసేస్తాడు. తర్వాత మెడ పక్కలకు వంచడం, ముందు కాళ్ళ చుట్టూ నడుము తిప్పడం, వెనకడుగులు. ఇదంతా నిలబడి, లేదా నడకలో. క్యాంటర్‌ను ట్రాట్ లోంచి కాక నడక లోంచి అడిగితే పరుగుకు చోటే ఉండదు.

స్టైన్‌బ్రెష్ట్ చూపు వెనక కాళ్ళ మీద ఉంటుంది. గుర్రం పరిగెత్తుతోందంటే వెనక కాళ్ళు నెట్టడం నేర్చాయి, మోయడం నేర్వలేదని అర్థం. వెనక కాళ్ళ కీళ్ళు మడిచి బరువు తీసుకునే బలం దానికి రావాలి. ఆ బలం నిలబడితే రాదు, ముందుకు సాగుతూనే రావాలి. పెద్ద వలయం నుంచి చిన్న వలయానికి రావడం, షోల్డర్-ఇన్, ట్రాట్ నుంచి నడకకూ నడక నుంచి ట్రాట్‌కూ మళ్ళీ మళ్ళీ మారడం ఇందుకే. దవడ ఒక్కటే విడిగా వదులు చేయడాన్ని ఆయన సహించడు. వెనక కాళ్ళ నుంచి వచ్చే తోపు లేకుండా మెడను మెత్తబరిస్తే గుర్రం కళ్ళెం వెనక దాక్కోవడం నేర్చుకుంటుందని ఆయన అభ్యంతరం.

ఇక్కడ నేను స్టైన్‌బ్రెష్ట్ వైపే. కారణం చెవికి వినిపిస్తుంది. నోరు వదులై వెనక కాళ్ళు వెనకబడ్డ గుర్రం కంటికి తేలిగ్గానే కనిపిస్తుంది. క్యాంటర్ అందుకున్నాక డెక్కల చప్పుడు మూడుకు బదులు నాలుగు వినిపిస్తే, ఐమూల జత విరిగిందన్నమాట. ఆ తేలిక బలం వల్ల వచ్చింది కాదు, గుర్రం పని ఎగ్గొట్టింది.

రెండో తప్పు, తప్పు లీడ్. దీని మీద బోషే ఆలోచన పదునైంది. ముందు భంగిమ, తర్వాత కదలిక అన్నది ఆయన సూత్రం. బరువును సరిగ్గా సర్దితే కుడి లీడ్ తీసుకోవడమే గుర్రానికి తేలికవుతుంది. అప్పుడు అడగాల్సింది చాలా తక్కువ. లీడ్ తప్పిందంటే గుర్రాన్ని తిట్టొద్దు, మీరు సర్దిన తీరు చూసుకోండి అంటున్నాడన్నమాట. సర్కస్ మనిషని ఆయన్ని చులకన చేసినవాళ్ళు ఈ వినయాన్ని గమనించినట్టు లేదు.

స్టైన్‌బ్రెష్ట్ దీన్ని వంకరతనం అంటాడు. ప్రతి గుర్రమూ పుట్టుకతోనే కాస్త ఒక పక్కకు వంకర. క్యాంటర్‌లో ఆ వంకర బయటపడి నడుము లోపలికి జరుగుతుంది. మామూలు రౌతు లోపలి కాలితో ఆ నడుమును బయటికి తోస్తాడు. స్టైన్‌బ్రెష్ట్ ఆ పని చేయనివ్వడు. వెనక భాగాన్ని కదపకుండా, ముందు భుజాలనే తెచ్చి వెనక కాళ్ళ ఎదుట పెట్టమంటాడు. షోల్డర్-ఫోర్ అనే చిన్న వంపు ఆయన దగ్గర క్యాంటర్‌కు రోజువారీ దుస్తులాంటిది. గోడ వెంబడి ట్రాట్‌లో భుజాలను వేలెడంత లోపలికి తెచ్చి, లోపలి వెనక కాలు రెండు ముందు కాళ్ళ మధ్య దారిలో పడేలా సాగి, మూల తిరిగే చోట క్యాంటర్ అడగాలి. ఆపైన కౌంటర్-క్యాంటర్, అంటే వలయం ఒక వైపు తిరుగుతుంటే లీడ్ రెండో వైపు ఉండటం. వంకర గుర్రం అందులో ఎక్కువసేపు నిలవలేదు.

రెండు జవాబులూ ఒకదానికొకటి అడ్డం కావు. ఆ ఒక్క అడుగుకు ముందు ఏం చేయాలో బోషే చెబుతాడు, ఆ అడుగుకు తగిన ఒళ్ళు రావడానికి ఎన్ని నెలలు ఏం చేయాలో స్టైన్‌బ్రెష్ట్ చెబుతాడు. పోటీ ముందు రోజు పనికొచ్చేది మొదటిది. గుర్రం జీవితానికి పనికొచ్చేది రెండోది.

మూడో తప్పు కిందికి దిగడంలో. క్యాంటర్ నుంచి ట్రాట్‌కో నడకకో రమ్మంటే గుర్రం ముందు కాళ్ళ మీద కూలబడుతుంది, రౌతు పగ్గాలు బిగలాగుతాడు. స్టైన్‌బ్రెష్ట్ బడి జవాబు తెలిసిందే. కాళ్ళతో ముందుకు పంపి, ఆ తోపును హాఫ్-హాల్ట్‌తో, అంటే క్షణం ఆపబోయినట్టు ఇచ్చే సంకేతంతో, చేతిలోకి తీసుకో, వెనక కాళ్ళు కిందికి వస్తాయి అంటుంది. సిద్ధాంతంగా ఇది సరైనదే. కానీ సగటు రౌతు చేతిలో ఇది బిడ్డను గిల్లి తొట్టి ఊపినట్టు తయారవుతుంది. మడమతో పొడుస్తూ, ఆ పొడుపుకు కదిలిన గుర్రాన్ని పగ్గంతో ఆపుతూ ఉంటాడు. ఏది మాట, ఏది గోల అన్నది గుర్రానికి తెలియదు.

బోషే కూడా మొదట్లో చేతినీ కాళ్ళనూ కలిపి బిగించినవాడే. 1855లో సర్కస్‌లో ఒక షాండ్లియర్ ఊడి మీద పడింది. ఆ దెబ్బతో ఆయన ప్రదర్శనలు మానుకున్నాడు, కాళ్ళ బలమూ తగ్గింది. 1860ల్లో వచ్చిన ముద్రణల్లో ఆయన రెండో పద్ధతి కనిపిస్తుంది. చెయ్యి పనిచేసేటప్పుడు కాలు ఊరుకోవాలి, కాలు పనిచేసేటప్పుడు చెయ్యి ఊరుకోవాలి. ఒక అడుగు ఆలస్యమైనా ఒక్కసారికి ఒక్క మాటే. శిష్యుడు జనరల్ లాట్‌కు చివరి రోజుల్లో ఆయన నేర్పింది కూడా చేతి మెత్తదనం గురించే. మూడో తప్పుకు ఇంతకన్నా శుభ్రమైన మందు జర్మన్ పుస్తకంలో లేదు.

రెండు బడులనూ కలిపి పరీక్షించడానికి 20 మీటర్ల వలయంలో ఒక సాధన చాలు. నడక, షోల్డర్-ఫోర్, అక్కడి నుంచి క్యాంటర్. అర వలయం అయ్యాక కాళ్ళను ఊరుకోబెట్టి, వేళ్ళు మూసి నడక అడగాలి. గుర్రం జవాబిచ్చిన క్షణంలో వేళ్ళు తెరవాలి. నాలుగైదు అడుగుల నడక తర్వాత మళ్ళీ క్యాంటర్. మొదట్లో నడకకు ముందు ట్రాట్ అడుగులు దొర్లుతాయి. వాటిని శిక్షించనవసరం లేదు, రోజురోజుకీ అవి తగ్గితే చాలు. క్యాంటర్ బలం స్టైన్‌బ్రెష్ట్ పద్ధతిలోంచి వస్తే, దిగడంలో నిశ్శబ్దం బోషే పద్ధతిలోంచి వస్తుంది.

చరిత్ర ఈ ఇద్దరికీ చేసింది విచిత్రమైన న్యాయం. గెలిచిన వ్యవస్థ స్టైన్‌బ్రెష్ట్‌ది. 1912 నాటి జర్మన్ అశ్వదళ నిబంధనలు ఆయన ఆలోచన మీదే నిలిచాయి. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే ఆరు మెట్ల శిక్షణక్రమంలో లయ ముందు, సూటిదనం అయిదోది, బరువును వెనక్కి కూడగట్టుకునే కలెక్షన్ చివరిది. కానీ అదే ప్రపంచంలో గ్రాండ్ ప్రి పోటీలో ప్రతి గుర్రమూ అడుగడుగుకీ లీడ్ మారుస్తూ 15 మార్పులు చూపాలి. బోషే చేస్తే గారడీ అని తీసిపారేసిన విద్యే ఇప్పుడు అత్యున్నత పరీక్ష. అటు స్టైన్‌బ్రెష్ట్ పుస్తకాన్ని పూర్తిచేసిన ప్లింజ్నర్, ఎడమ చెయ్యి సరిగా పనిచేయని కైజర్ రెండో విల్హెల్మ్ గుర్రాలకు శిక్షకుడయ్యాడు. తర్వాత గుర్రం తలను అతిగా లోపలికి వంచే పద్ధతి వైపు వెళ్ళాడన్న విమర్శకు గురయ్యాడు. బోషే మీద గురువు వేసిన నిందే శిష్యుడికీ తగిలింది. గుర్రం తేలికగా అనిపించాలన్న తొందర ఒక బడి సొత్తు కాదు.

మన దేశంలో ఈ పోలికకు ఇంకో అర్థముంది. ఇక్కడి రైడింగ్ స్కూళ్ళలో చాలా గుర్రాలు రేసు మానిన థరోబ్రెడ్‌లే, పార్టిజాన్ జాతివే. రేసుకోర్సులో వాటికి పగ్గం బిగిస్తే ఆగమని కాదు, వాలి పరిగెత్తమని అర్థం. అలాంటి గుర్రానికి కాలూ చెయ్యీ కలిపి చెబితే పాత అలవాటే మేలుకుంటుంది. మొదటి నెలల్లో బోషే రెండో పద్ధతి, నడక లోంచి క్యాంటర్, దానికి బాగా సరిపోతాయి. ఆ తర్వాత కండ పెరగాలంటే స్టైన్‌బ్రెష్ట్ లేకుండా సాగదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచాక ఈ క్రీడ వైపు చూసే పిల్లలు పెరుగుతారు. ఆ జట్టువాళ్ళు యూరప్‌లో ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు. ఇంటి దగ్గర అంత దూరం పోవాలంటే గురువు ఏ బడివాడైనా ఓపిక మాత్రం స్టైన్‌బ్రెష్ట్‌ది కావాలి.

ఒక్క పుస్తకమే ఉంచుకోమంటే నేను ‘గుర్రపు వ్యాయామశాల’నే ఉంచుకుంటాను. అది గుర్రాన్ని లేని బలం ఉన్నట్టు నటించనివ్వదు. కానీ అది రౌతును గాలికి వదిలేస్తుంది. అతని కాళ్ళూ చేతులూ ఎలాగూ సరిగానే ఉంటాయనుకుంటుంది. బోషే చివరి పుస్తకం అలా అనుకోదు. గుర్రం తప్పు చేసినప్పుడు స్టైన్‌బ్రెష్ట్‌ను తెరవాలి. అదే తప్పు వేర్వేరు గుర్రాల మీద అదే రౌతుకు వస్తుంటే, తెరవాల్సింది బోషేని.