‘మేము’లోని ఇద్దరు: అమెరికా ఖండాల దంపతుల రోడ్డుయాత్రల్లో కథనస్వరం

వ్యాససంగ్రహం:

దంపతులు కలిసి చేసిన దూరప్రయాణం గ్రంథరూపం దాల్చినప్పుడు కథనం ఎక్కువగా ఉత్తమపురుష బహువచనంలో సాగుతుంది. ఆంగ్ల, స్పానిష్ సర్వనామాల్లో వినేవారిని కలుపుకోవడం, మినహాయించడం అనే భేదం లేదు. తెలుగులో ఆ భేదం ‘మనం’, ‘మేము’ అనే రెండు రూపాల్లో స్పష్టంగా ఉంది. ఈ భేదాన్ని విమర్శసాధనంగా తీసుకొని, అమెరికా ఖండాలను రోడ్డుమార్గాన దాటిన కొన్ని జంటల యాత్రలను, వాటి కథనాల తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, ఉత్తమపురుష బహువచనం, పాన్ అమెరికన్ రహదారి, దారియెన్, సహరచన, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

యాత్రాసాహిత్యవిమర్శ సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తుంది. యాత్రికుడు ఏం చూశాడు? ఎలా చూశాడు? ఏ శైలిలో చెప్పాడు? ప్రయాణం చేసినవారు ఇద్దరైనప్పుడు వీటికి ముందే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: చెబుతున్నది ఎవరు?

స్నాతకోత్తర తరగతిలో అనువాదపాఠం చెబుతున్నప్పుడు ఒక చిన్న ఆంగ్లవాక్యం ఇచ్చాను. ఒక జంట తెల్లవారుజామున బయలుదేరిందని ఆ జంటే చెప్పుకునే వాక్యమది. ఒక విద్యార్థి ‘మేము బయలుదేరాం’ అని రాశాడు. ఒక విద్యార్థిని ‘మనం బయలుదేరాం’ అని రాసింది. మూడో విద్యార్థి సర్వనామాన్ని వదిలేసి ‘తెల్లవారుజామున బయలుదేరాం’ అన్నాడు. రెండోది తప్పని తరగతి నవ్వింది. “ఆ మాట ఆమె భర్తతో అంటోంది కదా మేడమ్” అని ఆ అమ్మాయి సమాధానం చెప్పింది. ఆ సమాధానమే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. రెండు సర్వనామాలు, ఒకే క్రియారూపం:

వినేవారిని మినహాయించేది ‘మేము’, కలుపుకొనేది ‘మనం’. ద్రావిడభాషల్లో తమిళం కూడా ఈ భేదాన్ని నిలుపుకొంది. ఆధునిక కన్నడంలో అది పోయింది. ఆంగ్లంలో ఈ భేదం లేదు. స్పానిష్ సర్వనామంలో లింగభేదం ఉంది కాని, ఈ భేదం లేదు. పైగా స్త్రీపురుషులు కలిసి ఉన్నప్పుడు స్పానిష్ పుంలింగరూపమైన ‘నోసోత్రోస్’నే వాడుతుంది. అంటే భార్యాభర్తలు తమను తాము చెప్పుకునే మాటలో వ్యాకరణం ముందుగానే భార్య గుర్తును తొలగిస్తుంది.

విశేషమేమిటంటే, పెరూ, బొలీవియాలగుండా సాగే పర్వతమార్గాల్లో వినిపించే కెచువా భాషలో తెలుగులో వలెనే రెండు రూపాలున్నాయి. ‘న్యొఖంచిక్’ వినేవారిని కలుపుకొంటుంది, ‘న్యొఖైకు’ మినహాయిస్తుంది. స్పానిష్‌లో తమ ప్రయాణాన్ని చెప్పుకునే జంట, కథనం అవసరమైన ఈ భేదం సహజంగా ఉన్న భాషాప్రాంతంగుండానే వెళ్తుందన్నమాట.

తెలుగులో మరొక సౌలభ్యముంది. క్రియ చివరి ప్రత్యయం ఈ రెండింటికీ ఒకటే: ‘మేము చూశాం’, ‘మనం చూశాం’. కాబట్టి సర్వనామాన్ని లోపింపజేస్తే ‘చూశాం’ అనేది రెండువైపులా తెరిచి ఉంటుంది. మూడో విద్యార్థి తెలియకుండానే చేసిన పని ఇదే.

దంపతుల యాత్రాకథనంలో ఇద్దరు శ్రోతలుంటారు. ఒకరు పాఠకులు, మరొకరు పక్క సీటులోని సహయాత్రికులు. పాఠకులకు ఆ జంట ‘మేము’. వారిలో వారికి ‘మనం’. ఈ రెంటిమధ్య ఎంత దూరముందో, దాన్ని గ్రంథం చూపుతుందో దాస్తుందో పరిశీలించవలసి ఉంది.

3. దారి తెగినచోట:

అలాస్కా ఉత్తరతీరంలోని ప్రూడో బే నుండి అర్జెంటీనా దక్షిణకొనలోని ఉషువాయియా వరకు ఉన్న పాన్ అమెరికన్ రహదారి దాదాపు 30,000 కి.మీ. పొడవైనది. పనామా, కొలంబియాల మధ్య దారియెన్ అడవుల్లో సుమారు 100 కి.మీ. మేర రోడ్డు లేదు. పశువుల గాలికుంటువ్యాధి ఉత్తరానికి వ్యాపిస్తుందన్న భయం, పర్యావరణపరిరక్షణ, ఆదివాసీసమాజాల అభ్యంతరాలు రోడ్డు పడకపోవడానికి ముఖ్యకారణాలు. జంటల కథనాలకు ఇది కీలకస్థలం. ఒకరు నడుపుతుంటే మరొకరు పక్కన కూర్చునే అమరిక ఇక్కడ పనికిరాదు. ఎవరేం చేశారన్నది విడివిడిగా చెప్పక తప్పదు.

హెలెన్, ఫ్రాంక్ ష్రైడర్ దంపతులు 1954లో అలాస్కాలోని సర్కిల్ అనే ఊరినుండి బయలుదేరి 1956లో ఉషువాయియా చేరారు. వారి వాహనం నేలమీదా నీటిలోనూ నడిచే జీపు. దాని పేరు ‘లా తోర్తూగా’, అంటే తాబేలు. దారి లేనిచోట వారు జీపుతోనే కరీబియన్ సముద్రంలోకి దిగి, శాన్ బ్లాస్ దీవుల వెంబడి కొలంబియాకు వెళ్లారు. వారి గ్రంథం ‘ట్వంటీ థౌజండ్ మైల్స్ సౌత్’ 1957లో వెలువడింది. ఈ జంటే తరువాత అలాంటి మరో జీపులో గంగానది వెంబడి ప్రయాణించి ‘నేషనల్ జియోగ్రఫిక్’ పత్రికకు రాసింది.

1960లో దారియెన్‌ను వాహనాలతో దాటిన బృందంలో మరో జంట ఉంది. పనామాకు చెందిన మానవశాస్త్రవేత్త రెయ్నా తోర్రెస్ దె అరౌస్, ఆమె భర్త ఆమాదో అరౌస్. ఒక లాండ్‌రోవర్, ఒక జీపు ఫిబ్రవరిలో పనామాలోని చెపో నుండి బయలుదేరి 136 రోజులకు కొలంబియాలోని కిబ్దో చేరాయి. తరువాతి కాలంలో దంపతులైన లోరెన్ అప్టన్, పాటీ మెర్సియర్ 1985-87 మధ్య పడవ సాయం లేకుండా పూర్తిగా నేలమీదనే జీపును నడిపించారు. 201 కి.మీ. దాటడానికి 741 రోజులు పట్టింది.

ఈ యాత్రలను ‘మేము దాటాం’ అనే వాక్యంలో చెప్పినప్పుడు అర్థం రెండువిధాల కుదించుకుపోతుంది. మొదటిది, జంటలోని పనివిభజన కనిపించదు. రెయ్నా ఆ అడవికి కొత్త యాత్రికురాలు కాదు; ఆ నేల మీది సమాజాలను అధ్యయనం చేసిన పరిశోధకురాలు. ఆమె చూపును ‘జంట సాహసం’లో కలిపేయడం ఆమె శాస్త్రాన్ని తక్కువ చేయడమే. రెండవది, చెట్లు నరికి, దుంగలతో వంతెనలు కట్టి, దారి చూపిన స్థానికుల శ్రమ ఆ ‘మేము’లో కరిగిపోతుంది. దాటినవారిలో వారూ ఉన్నారు. కాని చెప్పేవారిలో లేరు.

4. వాక్యం వెలుపలి సంతకం:

రెండో వ్యక్తి ఉనికి ‘మేము’లో కనిపించనప్పుడు దాన్ని వాక్యానికి వెలుపల వెతకాలి. ష్రైడర్ల గ్రంథంలో అది రేఖాచిత్రాల్లో ఉంది. హెలెన్ చిత్రకారిణి. ఒకే దృశ్యాన్ని చెప్పే వాక్యంలో ఇద్దరూ కలిసి ఉంటే, గీతలో ఆమె ఒక్కతే ఉంటుంది.

అర్జెంటీనాకు చెందిన కాందెలారియా, హెర్మన్ జాప్ దంపతుల యాత్రలో ఈ విషయం మరింత స్పష్టం. 2000 జనవరి 25న 1928నాటి గ్రాహమ్-పెయిజ్ కారులో వారు బువెనోస్ ఎయిరెస్ నుండి అలాస్కాకు బయలుదేరారు. ఆరునెలల్లో ముగుస్తుందనుకున్న ప్రయాణం 2003 వరకు సాగింది. ఈక్వడార్‌లో డబ్బు అయిపోయింది. కాందెలారియా పక్షుల బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. హెర్మన్ వాటికి చట్రాలు బిగించి అమ్మాడు. యాత్రను ముందుకు నడిపింది ఆమె కుంచె, అతని చట్రం. ఒకటి లేనిదే రెండోది అమ్ముడుపోదు. అయినా అవి వేరువేరు పనులు. సహజీవనాన్ని గౌరవంగా చెప్పడమంటే ఈ వేరుతనాన్ని నిలుపుకోవడమే. మొదటి బిడ్డ 2002లో అమెరికాలో పుట్టాడు. గర్భం మోసిన దేహమూ, పక్కన ఆందోళనపడిన మనసూ ఒకే సర్వనామంలో ఇమడవు. ఏ కథనంలోనైనా ‘మేము’ విరిగి ‘నేను’ బయటపడవలసిన సందర్భం ఇది.

5. ‘మనం’ విస్తరించినచోట:

జాప్ దంపతుల గ్రంథం ‘అత్రాపా తు సుఎన్యో’ (ఆంగ్లంలో ‘స్పార్క్ యువర్ డ్రీమ్’) తయారీలో ఒక ప్రత్యేకత ఉంది. రచయితలే దారిపొడవునా కారు పక్కన నిలబడి దాన్ని అమ్మారు. తరువాతి ప్రయాణానికి అదే ప్రధానమైన ఆదాయం. వారి సంచారం 2022 మార్చిలో, 22 ఏళ్ల తరువాత, నలుగురు పిల్లలతో ముగిసింది. తమకు బస ఇచ్చిన ఇళ్లు రెండువేలకు పైమాటేనని వారు పాత్రికేయులకు చెప్పారు. ఇక్కడ పాఠకుడు దూరంగా ఉన్న శ్రోత కాడు. పుస్తకం కొని, ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, తరువాతి మజిలీకి కారణమైనవాడు. అందువల్ల గ్రంథంలోని ‘మేము’ అమ్మకం జరిగే క్షణంలో ‘మనం’ అవుతుంది. పూర్వం ఊరూరా తిరిగిన కథకులకు, శ్రోతలకు మధ్య ఉన్న సంబంధాన్ని ఇది గుర్తు చేస్తుంది.

అయితే ఈ విస్తృతికి ఒక హద్దు ఉంది. పనామా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023లో 5,20,000 మందికి పైగా వలసదారులు దారియెన్‌ను కాలినడకన దాటారు. వారిలోనూ భార్యాభర్తలున్నారు, పసిపిల్లలున్నారు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉన్న జంటకు ఆ అడవి కథలో ఉత్కంఠభరితమైన అధ్యాయం. వలసజంటకు అది బతుకుకు, చావుకు మధ్య దారి. ఒకే నేల మీద నడిచిన రెండు జంటల్లో ఒకదాని నడకే ‘యాత్ర’ అనిపించుకుంటోంది. యాత్రాసాహిత్యపరిధిని నిర్ణయించే పరిశోధకులు ఈ మినహాయింపును విస్మరించరాదు.

6. రెండు చేతుల గ్రంథం:

సహరచన సమస్యను గ్రంథనిర్మాణంలోనే ఎదుర్కొన్న ఉదాహరణ అమెరికా రచయితలదే; దారి మాత్రం ఫ్రాన్స్‌ది. అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసర్, ఉత్తర అమెరికా నుండి వచ్చిన ఆయన భార్య కేరొల్ డన్‌లప్ 1982 మే-జూన్ నెలల్లో పారిస్ నుండి మార్సెయ్‌కు హైవే దిగకుండా, రోజుకు రెండు విశ్రాంతిస్థలాల వంతున 33 రోజులు ప్రయాణించారు. ఒక్కరోజులో ముగిసే దారి అది. వారి గ్రంథం ‘లోస్ ఔతొనౌతాస్ దె లా కోస్మొపిస్తా’ 1983లో వెలువడింది. అందులో దినచర్యనమోదు ఉమ్మడిది, వ్యాసభాగాలు ఇద్దరివి. ఫ్రెంచిలో ఆమె రాసిన భాగాలను ఆయన స్పానిష్‌లోకి అనువదించాడు. గ్రంథం పూర్తికాకముందే, 1982 నవంబరులో డన్‌లప్ మరణించింది. చివరిమాటను కొర్తాసర్ ఒంటరిగా రాయవలసి వచ్చింది.

అంతవరకు సాగిన బహువచనం అక్కడ ఏకవచనమవుతుంది. ఆ మార్పు పాఠకుణ్ణి కదిలించడానికి కారణం మరణం ఒక్కటే కాదు. అంతకుముందు ఆ బహువచనంలో ఇద్దరు నిజంగా ఉన్నారు. భార్యాభర్తల స్వరాలను మొదటినుండీ కలిపేసిన గ్రంథంలో ఒకరు లేకపోయినా వాక్యం మారదు. ‘మేము’ ఎంత నిజాయితీగా ఉందో తెలిసేది అది ‘నేను’గా మిగిలినప్పుడే.

7. తెలుగు యాత్రాకథనానికి అన్వయం:

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పరివారంతో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ మాత్రం ఒక్కరి చూపుగా మనకు మిగిలింది. పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్రను తెలుగులో రాసి, 1876లో ఆంగ్లంలో ప్రచురించారు. మన యాత్రాసాహిత్యంలో స్త్రీ ‘నేను’ అన్న తొలి సందర్భాల్లో అది ఒకటి. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి చదివితే, వెంట నడిచినవారి మౌనమూ, తానే చెప్పినవారి స్వరమూ రెండూ పరిశోధనాంశాలేనని తెలుస్తుంది. విదేశాల్లో స్థిరపడిన తెలుగు దంపతులు నేడు రాస్తున్న ప్రయాణకథనాలను కూడా ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

అనువాదకులు పాటించదగిన పద్ధతి ఇది. పాఠకులకు సమాచారం చెప్పే వాక్యంలో ‘మేము’ ఉంచాలి. దంపతుల సంభాషణలో, నిర్ణయం తీసుకునే క్షణంలో ‘మనం’ రావాలి. మూలంలో ఏది ఉద్దేశమో తేలనిచోట సర్వనామాన్ని వదిలి క్రియమీదనే ఆధారపడాలి. ప్రతిచోటా ‘మేము’ అని నింపేయడం మూలానికి లేని ఒంటితనాన్ని అంటగట్టడమే.

8. ముగింపు:

అమెరికా ఖండాల దంపతుల రోడ్డుయాత్రలను దూరం, కాలం, వాహనం అనే కొలతలతోనే చదివితే అవి సాహసగాథలుగా మిగులుతాయి. సర్వనామం ద్వారా చదివితే కలిసి బతకడంలోని పనివిభజన, గుర్తింపు, మినహాయింపు బయటపడతాయి. ఈ చదువుకు అవసరమైన సాధనం మన వ్యాకరణంలోనే ఉంది. తరగతి నవ్విన ఆ విద్యార్థిని వాక్యాన్ని ఇప్పుడు పాఠంలో భాగంగా బోధిస్తున్నాను. ఆమె రాసిన ‘మనం’ తప్పు కాదు. శ్రోత ఎవరో ముందుగా తేల్చుకున్న అనువాదం.