కళ్లం దగ్గర మొదలుపెట్టి అడగాలి

1948లో ఇల్లూ ఊరూ విడిచిన పాలస్తీనా పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేసేవాళ్లలో పని తెలిసినవాళ్లు, కూర్చోగానే యుద్ధం ఊసెత్తరు. ఊరికి ఏ దిక్కున బావి ఉండేది? కళ్లం ఎక్కడ? ఏ పొలాన్ని ఏ పేరుతో పిలిచేవారు? పెళ్లి ఊరేగింపు ఏ దారిన వెళ్లేది? ఇలా మొదలుపెడతారు. ఊరు కళ్లముందు నిలబడితేనే అది ఎలా పోయిందో చెప్పడానికి నోరు పెగులుతుంది. వినేవాళ్లకూ పోయిందేమిటో అప్పుడే తెలుస్తుంది.

ఆ ఏడాది ఏడు లక్షలకు పైగా జనం నిర్వాసితులయ్యారు. నాలుగు వందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లలో ఎక్కువమంది రైతులు, చాలామందికి చదువు లేదు. సైనిక ఉత్తర్వులు, నివేదికలన్నీ గెలిచిన ఇజ్రాయెల్ దస్త్రాల్లో ఉండిపోయాయి. ఆ దస్త్రాలు తెరిచి 1987లో పెద్ద పుస్తకం రాసిన ఇజ్రాయెల్ చరిత్రకారుడు బెన్నీ మోరిస్ కాగితాలనే నమ్ముకున్నాడు, మనుషుల జ్ఞాపకాలను నమ్మలేదు. అంతకు ముందే నాఫెజ్ నజ్జాల్, రోజ్‌మేరీ సయీగ్ లెబనాన్ శిబిరాల్లో కూర్చుని, ఉత్తర పాలస్తీనాలోని గలిలీ నుంచి వచ్చిన రైతుల మాటలు సేకరించారు. కాగితం చెప్పలేనిది వాళ్లకు దొరికింది.

జ్ఞాపకం తడబడుతుంది, నిజమే. తారీఖు అడిగితే మరీ తడబడుతుంది. అందుకే తారీఖు అడగకూడదు. గోధుమ కోతకు ముందా, తర్వాతా? ఆలివ్ కాయలు రాల్చారా? ఉపవాసాలు మొదలయ్యాయా? నజరేత్‌కు దగ్గర్లోని సఫ్ఫూరియా దానిమ్మ తోటలకు పేరుపడ్డ ఊరు. ఉపవాసం విరమించే వేళ విమానాలు వచ్చాయని అక్కడి పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ ఊరు చేజారింది 1948 జులై మధ్యలో. అది రంజాన్ మాసమే. వాళ్లు గుర్తుపెట్టుకున్నది క్యాలెండర్‌ను కాదు, ఆకలినీ పళ్లేన్నీ. ఒకే ఊరివాళ్లను విడివిడిగా అడిగి, లెబనాన్‌లో చెప్పినదాన్నీ నజరేత్‌లో చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో తేలుతుంది. విడిపోయిన చోటే మళ్లీ అడగాలి.

ఇంకో పద్ధతి, చేతికి కాగితం ఇచ్చి ఊరు గీయించడం. నిర్వాసితులు తమ ఊళ్లపై రాసుకున్న పుస్తకాలు వందకు పైనే ఉన్నాయి. వాటిలో చేత్తో గీసిన పటాలు కనిపిస్తాయి. కొలతలు కుదరవు, కానీ ఏ ఇల్లు ఏ కుటుంబానిదో, మసీదు, బడి, బావి ఎక్కడో ఉంటుంది. పక్కన కూర్చున్న బంధువు 'కాదు, ఆ ఇల్లు బావికి ఇవతల' అని అడ్డు తగిలితే రికార్డింగ్ ఆపకూడదు. ఆ వాదనలోనే ఊరు బయటికొస్తుంది.

ఆడవాళ్లను వేరుగా, తీరికగా అడగాలి. మగవాళ్ల కథలో తుపాకులు, కాపలాలు, నాయకులు ముందుకొస్తారు. చంకలో ఏ బిడ్డ, నెత్తిన ఏ మూట, దారిలో నీళ్లు ఎవరిచ్చారన్నది చాలాసార్లు ఆడవాళ్ల నోటే వినబడుతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

1948 నాటి ఆ విపత్తును పాలస్తీనీయులు నక్బా అంటారు. 2002లో లెబనాన్‌లో మొదలైన నక్బా ఆర్కైవ్ అయిదు వందలకు పైగా వీడియో సాక్ష్యాలు తీసింది. బీరుట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం 2019లో అందరికీ తెరిచిన భాండాగారంలో వెయ్యి గంటలకు పైగా రికార్డింగులున్నాయి. అక్కడ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది సూచిక తయారుచేసే చాకిరీ. ఏ నిమిషంలో ఏ ఊరి ప్రస్తావన వచ్చిందో గుర్తించి పెడితేనే, తాత ఊరు వెతుక్కునే మనవరాలికి అది దొరుకుతుంది.

ఆనాటి పదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతున్నాయి. గాజాలో ఆ వయసువాళ్లు 2023 తర్వాత మళ్లీ గుడారాల్లో పడ్డారు. గాజా నగర ఆర్కైవ్స్ కూడా ఆ ఏడాదే ధ్వంసమైంది. స్టూడియో కోసం ఆగే సమయం లేదు, ఇంట్లోవాళ్ల ఫోనే చాలు. ముందు ఆ పెద్దామె పేరు, ఊరి పేరు, రికార్డు చేస్తున్న రోజు తేదీ ఆమె గొంతుతోనే పలికించాలి. ఏది బయటపెట్టవచ్చో, ఏది వద్దో ఆమెనే అడగాలి. ఆమె యాసను దిద్దకుండా రాసుకోవాలి. సిగ్నల్ దొరికిన వెంటనే ఒక ప్రతి సరిహద్దు అవతలి బంధువుకు చేర్చాలి.